గజ్జ హెర్నియాకు ల్యాప్రోస్కోపీ: ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలా, వద్దా?

నల్గొండ సర్జన్:

అందరికీ నమస్కారం. గజ్జల్లో హెర్నియాకు చిన్న కోతల్లోంచి కెమెరా పెట్టి మెష్, అంటే జాలీ, వేసే ఆపరేషన్ (ల్యాప్రోస్కోపీ) గురించి ఈ చర్చ. టెప్ (పొట్ట పొర బయటి నుంచే చేసేది), టాప్ (పొట్ట లోపలి నుంచి చేసేది) రెండూ ఇందులోకే వస్తాయి. మన నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నేను చూసిన థియేటర్లన్నిటిలో ఒకటే అలవాటు. పొద్దున వార్డులో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి. ఆపరేషన్ అయ్యాక రెండు పూటలా మళ్లీ అదే. ఇంటికి పోయేటప్పుడు ఐదు రోజుల సెఫిక్సిమ్ గోలీలు. ఎందుకు రాశారని జూనియర్‌ను అడిగితే "మెష్ వేశాం కదా సర్" అంటాడు. అంతకు మించి కారణం ఎవరూ చెప్పరు.

నా మాట సూటిగా చెప్తాను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ముందే అనుకుని చేసే ల్యాప్రోస్కోపీ గజ్జ హెర్నియాకు ఆపరేషన్ ముందు డోసు కూడా అక్కర్లేదు. తర్వాతి గోలీలకైతే ఏ ఆధారమూ లేదు.

2018లో హెర్నియాసర్జ్ అనే హెర్నియా నిపుణుల బృందం ఇచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ రెండు రకాల ఆపరేషన్లనూ వేరుగా చూశాయి. కోత పెట్టి చేసే ఓపెన్ ఆపరేషన్‌లో, ఇన్‌ఫెక్షన్లు తక్కువగా ఉండే చోట, మామూలు రోగికి యాంటీబయాటిక్ వద్దన్నాయి. ఇన్‌ఫెక్షన్లు 5 శాతం దాటే చోట ఇవ్వమన్నాయి. ల్యాప్రోస్కోపీలో మాత్రం ఎక్కడా సిఫార్సు చేయలేదు. 2015లో హెర్నియా ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే జర్మనీ హెర్నియామెడ్ రిజిస్ట్రీ నుంచి 85,000 మందికి పైగా రోగుల వివరాలు బయటికొచ్చాయి. అందులోనూ ఇదే తేలింది. ఓపెన్‌లో యాంటీబయాటిక్ వల్ల కొంత లాభం కనిపించింది, ల్యాప్రోస్కోపీలో కనిపించలేదు.

ఎందుకన్నది థియేటర్‌లో నిలబడిన వాళ్లెవరికైనా తెలిసేదే. ఓపెన్‌లో కోత పడేది గజ్జ మడతలో. అక్కడ చెమట, తడి, పక్కనే మలమూత్ర ద్వారాలు. మెష్ ఆ కోత కిందే ఉంటుంది. ల్యాప్రోస్కోపీలో బొడ్డు దగ్గర సెంటీమీటరు కోత, మరో రెండు 5 మిల్లీమీటర్లవి. 15కి 10 సెంటీమీటర్ల మెష్‌ను చుట్టి, కోతలో పెట్టే గొట్టమైన పోర్ట్‌లోంచి పంపుతాం. అది చర్మానికి తగలకుండా కండరం వెనక్కి పోయి కూర్చుంటుంది. పుండు ఒక చోట, మెష్ ఇంకో చోట.

మన వైపు ఎవరైనా ఆపి చూశారా? ఆపకపోతే, ఏ భయంతో ఆపలేదు?

పాలమూరు సీనియర్:

నేను ఆపలేదు, ఆపను కూడా. కారణం చెప్తాను.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మూడు జిల్లాల్లో మొదలైంది. అందులో మా మహబూబ్‌నగర్ ఒకటి. అంతకు ముందు నుంచీ ఇక్కడి మనుషులను ఆపరేషన్ బల్ల మీద చూస్తున్నవాణ్ని. జర్మనీ రోగి వేరు, మక్తల్ రోగి వేరు. మా దగ్గరికి వచ్చేవాడు ముంబైలో, పుణెలో సైట్ల మీద పనిచేసి పండక్కి ఊరికొచ్చి, ఆ పది రోజుల్లోనే ఆపరేషన్ చేయించుకుని పోవాలనుకునేవాడు. షుగర్ ఉందని అతనికి మా దగ్గరే మొదటిసారి తెలుస్తుంది. చేతిలో బీడీ, నోట్లో గుట్కా. కుట్లు ఊడకముందే మళ్లీ బస్సెక్కుతాడు. రేపు చీము పడితే నా దగ్గరికి రాడు, అక్కడే ఏదో క్లినిక్‌కు పోతాడు.

మెష్‌కు ఇన్‌ఫెక్షన్ పట్టడమంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుసు. ఒక రైతు నెలల తరబడి గజ్జ దగ్గర చిన్న రంధ్రంలోంచి నీళ్లలాంటి చీము కారుతుంటే, పంచె కింద పాత గుడ్డ కట్టుకుని తిరిగాడు. ఎంత కట్టు కట్టినా మానలేదు. చివరికి ఓపెన్ చేసి మెష్ తీయాల్సి వచ్చింది. కండరంతో కలిసిపోయిన మెష్‌ను ముక్కలు ముక్కలుగా తీస్తుంటే పక్కనే వృషణానికి పోయే రక్తనాళం. పక్క పొలం కౌలుకిచ్చి ఆ ఖర్చు పెట్టుకున్నాడు. అలాంటిది ఒక్కటి తప్పినా, కోతకు ముందు ఇచ్చే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఖర్చు నాకు ఖర్చే కాదు.

2013లో అమెరికాలో నాలుగు సంస్థలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో హెర్నియా ఆపరేషన్‌కు ఒక డోసు సెఫజోలిన్ ఇవ్వమనే ఉంది. అంటే అందరూ వద్దనడం లేదు. కోర్టులో నిలబడాల్సి వస్తే నేను ఆ కాగితమే చూపిస్తాను.

నల్గొండ సర్జన్:

సర్, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఆ రైతుకు జరిగిన మొదటి ఆపరేషన్ ఓపెనా, ల్యాప్రోస్కోపీయా? ఈ చర్చలో అదే అసలు ప్రశ్న.

రెండోది, మీ థియేటర్‌లో ల్యాప్రోస్కోపీ హెర్నియాల్లో ఇన్‌ఫెక్షన్ శాతం ఎంత? 5 దాటిందా? లెక్క ఉంటే చెప్పండి.

పాలమూరు సీనియర్:

ఓపెన్ ఆపరేషనే. వేరే ఊళ్లో జరిగింది.

శాతం అడిగారు. రాసిపెట్టిన లెక్క లేదు. ఈ జిల్లాలో ఎవరి దగ్గరా ఉంటుందని నేను అనుకోను. కానీ లెక్క లేకపోతే ప్రమాదం తక్కువని ఎలా అంటారు? తెలియనప్పుడు జాగ్రత్త వైపే నిలబడాలి.

సూర్యాపేట మత్తు డాక్టర్:

ఇద్దరు సర్జన్లూ ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయారు. ఇచ్చేటప్పుడు ఎలా ఇస్తున్నామో చూశారా? బల్ల తల దగ్గర నిలబడేది నేను కాబట్టి చెప్తున్నాను.

లిస్టులో నాలుగు కేసులుంటాయి. వార్డు సిస్టర్ పొద్దున 6 గంటలకు నలుగురికీ ఒకేసారి ఇంజెక్షన్ వేసేస్తుంది. మూడో కేసు బల్ల మీదికి వచ్చేసరికి 11 దాటుతుంది. ఆ మందు సెఫజోలిన్ అయితే రక్తంలో దాని బలం ఇంచుమించు ప్రతి రెండు గంటలకూ సగానికి పడిపోతుంది. కోత పడే సమయానికి మిగిలేది చాలా తక్కువ. కోతకు ముందు గంట లోపల ఇవ్వాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు. 1961లో బర్క్ అనే సర్జన్ గినీ పందుల మీద చేసిన ప్రయోగంలోనే తేలింది: క్రిములు లోపలికి పోయే సమయానికి మందు కణజాలంలో ఉండాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే ఇచ్చినా ఇవ్వనట్టే.

కాబట్టి సీనియర్ సర్ ఇస్తానంటే ఇవ్వండి. కానీ వార్డులో కాదు, థియేటర్‌లో, నా చేతి మీదుగా. పెద్దవాళ్లకు 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3. మత్తు ఇచ్చే ముందు వేస్తే ఎలర్జీ వచ్చినా మనిషి మెలకువలోనే ఉంటాడు, వెంటనే తెలుస్తుంది. మన వైపు ఇంకా ముంజేతి మీద టెస్ట్ డోసు వేసి, ఎర్రబడలేదని చూసి, ధైర్యంగా మొత్తం ఇచ్చేస్తున్నారు. పాత ఎలర్జీ ఏమైనా ఉందా అని రోగిని అడగడం మానేసి ఆ చుక్కను నమ్ముకోవడం ప్రమాదం. ఒక్క డోసులో నష్టం లేదనేవాళ్లకు, బల్ల మీద బీపీ పడిపోయిన మనిషిని ఒకసారి చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. అరుదే, కానీ అవసరం లేని మందుతో జరిగితే ఆ ఇంటివాళ్లకు ఏం చెప్తాం?

ఇంకో సంగతి. ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కు మారాల్సి వస్తే? అప్పుడు లెక్క మారుతుంది. మందు ట్రేలో సిద్ధంగా ఉండాలి. గజ్జ మీద కత్తి పెట్టేముందే నాకు చెప్పాలి.

మిర్యాలగూడ నుంచి ఒక కొడుకు:

డాక్టర్ గార్లకు నమస్కారం. మీ మధ్య మాట్లాడొచ్చో లేదో తెలియదు. మా నాయన రైస్ మిల్లులో హమాలీ. బస్తాలు మోసీ మోసీ కుడి గజ్జలో హెర్నియా వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద కెమెరాతో ఆపరేషన్ చేసి జాలీ వేశారు. మూడు చిన్న కోతలు, మంచిగనే ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు ఐదు రోజుల గోలీలు ఇచ్చారు. మూడో రోజు నుంచి విరేచనాలు పట్టుకుని గోలీలు ఆపేశాడు.

తర్వాత ఆపరేషన్ అయిన వైపే గజ్జలో ఉబ్బు వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు "గోలీలు మధ్యలో ఆపినవు, లోపల చీము పట్టింది" అని రోజుకో ఇంజెక్షన్ వేస్తున్నాడు. రేపు సూది పెట్టి తీస్తానంటున్నాడు. మా నాయనకు ఒకటే టెన్షన్, హెర్నియా మళ్లీ వచ్చిందేమోనని. మీరు యాంటీబయాటిక్ వద్దంటున్నారు, ఆయన కావాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నల్గొండ సర్జన్:

తమ్ముడూ, ఇక్కడ రాసి మంచి పని చేశావు. చూడకుండా రోగం పేరు చెప్పను, కానీ ఈ రాత్రికే తెలియాల్సింది ఒకటుంది. సూది పెట్టనివ్వకు. రేపే ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించు.

హెర్నియా ఉన్న చోట ఖాళీ ఏర్పడి అందులో నీరు చేరడం ఈ ఆపరేషన్ తర్వాత తరచుగా చూస్తాం. దాన్ని సీరోమా అంటాం. నొప్పి, జ్వరం, ఎర్రదనం, వేడి లేకుండా ఉబ్బు మాత్రమే ఉంటే చాలావరకు అదే. కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. అది చీము కాదు, యాంటీబయాటిక్‌తో దానికి పని లేదు. శుభ్రంగా ఉన్న ఆ నీటిలోకి ఇంట్లో సూది పెడితే, అప్పటిదాకా లేని క్రిమిని మెష్ దాకా మనమే పంపినట్టు. జ్వరం వచ్చినా, చర్మం ఎర్రబడి వేడెక్కినా, వాంతులైనా, ఉబ్బు గట్టిపడి నొప్పి పుట్టి లోపలికి పోకపోయినా రేపటి దాకా కూడా ఆగొద్దు. విరేచనాలు తగ్గకపోతే, రక్తం పడితే అది కూడా డాక్టరుకు చెప్పు. యాంటీబయాటిక్ వల్ల పేగులో వచ్చే జబ్బు ఒకటి ఉంటుంది.

సీనియర్ సర్, మన్నించండి, ఈ ఒక్క మనిషి కథలోనే నా వాదన మొత్తం ఉంది. ఐదు రోజుల గోలీలు ఇచ్చి "ఇవి మింగకపోతే చీము పడుతుంది" అన్న భయం మనమే నేర్పాం. ఆర్‌ఎంపీ ఆ భయాన్నే పట్టుకున్నాడు. సీరోమా చీమైంది, చీముకు ఇంజెక్షన్లు, ఇంజెక్షన్ల తర్వాత సూది. మొదటి చీటీ రాసింది మన సర్జన్లే.

హుజూర్‌నగర్ ఫార్మసిస్ట్:

మా వైపు నుంచి ఒక్క మాట. చీటీలో సెఫజోలిన్ రాస్తే మా షాపులో చాలాసార్లు దొరకదు. సెఫ్ట్రియాక్సోన్ ఎప్పుడూ ఉంటుంది. అడిగేవాళ్లు దాన్నే అడుగుతారు, మేం దాన్నే తెప్పిస్తాం. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ లాంటి ఈ మూడో తరం సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి అమ్మాలి. ఆ రిజిస్టర్ తిరగేస్తే ఎంత మందు శుభ్రమైన ఆపరేషన్ల తర్వాత పోతుందో కనిపిస్తుంది. ఐదు రోజులకు తీసుకుని రెండు రోజులు వాడి, మిగిలింది ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే వేస్తున్నారు. ఇది నేను కౌంటర్ దగ్గర వినే మాట.

నాగర్‌కర్నూల్ ఓటీ సిస్టర్:

సర్లందరికీ నమస్తే. ఇరవై ఏళ్లకు పైగా థియేటర్‌లో ఉన్నాను. మందు ఇస్తే ఇన్‌ఫెక్షన్ రాదు అన్న ధీమాతో మిగతావన్నీ వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

ల్యాప్రోస్కోపీ పరికరాల సంగతి చూడండి. కేసుకూ కేసుకూ మధ్య టైమ్ లేదని గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములు చంపే ద్రావణం ఉన్న ట్రేలో ముంచి తీస్తారు. 20 నిమిషాలకు చాలా క్రిములు చస్తాయి, కానీ స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న క్రిములు) చావాలంటే 10 గంటలు పడుతుంది. ఆ 20 నిమిషాలు కూడా ఉంచని రోజులున్నాయి. ద్రావణం ఎప్పుడు కలిపారో డబ్బా మీద తేదీ ఉండదు. కోతలో పెట్టే ట్రోకార్ గొట్టం లోపల, కణజాలాన్ని పట్టుకునే గ్రాస్పర్ జాయింట్లలో రక్తం ఎండిపోయి ఉంటుంది. విడదీసి బ్రష్‌తో తోమకుండా ముంచితే ఆ రక్తం కింద ఉన్నవి అలాగే ఉంటాయి. తీసిన తర్వాత స్టెరైల్ నీళ్లతో కడగాలి. ట్యాంకు నీళ్లు కాచి చల్లార్చి కడిగేవాళ్లను చూశాను.

దాని ఫలితం వారం రోజుల్లో కనిపించదు. నెల తర్వాతో ఇంకా ఆలస్యంగానో బొడ్డు దగ్గర కోత మానినట్టే మాని గడ్డలా గట్టిపడుతుంది, పగిలి పలచటి చీము కారుతుంది. మళ్లీ మూస్తుంది, మళ్లీ పగులుతుంది. మామూలు కల్చర్ (చీములో క్రిమిని పెంచి చూసే) పరీక్ష‌లో ఏమీ రాదు. మైకోబ్యాక్టీరియం కీలోనే, ఫార్చూయిటమ్ లాంటివి నీళ్లలో బతికే క్రిములు. క్షయ క్రిమికి దూరపు చుట్టాలు. సెఫజోలిన్‌కూ లొంగవు, సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగవు. క్లారిత్రోమైసిన్, అమికాసిన్ లాంటివి నెలల తరబడి వాడాలి. ఆపరేషన్ ముందు ఎన్ని గ్రాములు ఇచ్చినా వీటిని ఆపలేరు. ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్ ఆపుతుంది, బ్రష్ ఆపుతుంది.

ఇక బొడ్డు. పెద్ద పోర్ట్ పోయేది అక్కడే. హమాలీ అన్నల బొడ్డులో తవుడు గట్టిపడి రాయిలా ఉంటుంది. పైపైన బీటాడిన్ పూస్తే అది కదలదు. ముందు రోజు సబ్బుతో స్నానం చేయించి, దూది పుల్లను నూనెలో ముంచి మెత్తబరిచి తీయాలి. దానికి పది నిమిషాలు పడుతుంది, ఒక మనిషి కావాలి. ఇంజెక్షన్‌కు అర నిమిషం చాలు, అందుకే ఇంజెక్షన్ గెలుస్తోంది.

ముందు రాత్రి బ్లేడుతో వెంట్రుకలు గీయడం కూడా ఆపాలి. గీసిన చోట సన్నటి గాట్లు పడి, తెల్లారేసరికి అందులో క్రిములు చేరి ఉంటాయి. తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో తీయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది.

పాలమూరు సీనియర్:

సిస్టర్ చెప్పిన ప్రతి మాటా నిజం. ఈ చర్చలో నాకు బాగా ఉపయోగపడిన మాటలు అవే.

గోలీల విషయంలో నేను వాదించను. ఆపరేషన్ ముగిశాక యాంటీబయాటిక్ పొడిగించొద్దని అదే 2016 మార్గదర్శకాల్లో ఉంది, ఆ మాటకు ఎదురు చెప్పగలిగిన కాగితం నా దగ్గర లేదు. నేను పట్టుబట్టేది కోతకు ముందు ఒక్క డోసు మీదే. దానితో మొత్తం దేశంలో మందులకు లొంగని క్రిములు పుడతాయని చెప్పి నన్ను ఒప్పించలేరు. షుగర్ అదుపులో లేనివాడు, ఇంతకు ముందు అక్కడే ఆపరేషన్ అయి మళ్లీ వచ్చినవాడు, స్టెరాయిడ్లు వాడేవాడు, వీళ్లకైనా ఇవ్వొద్దంటారా?

నల్గొండ సర్జన్:

వాళ్లకు ఇవ్వండి సర్, నేను కాదనను. మార్గదర్శకం ల్యాప్రోస్కోపీలో వద్దంది నిజమే. కానీ షుగర్ బాగా ఎక్కువున్న రోగిని ఎదురుగా పెట్టుకున్న సర్జన్ ఒక డోసు ఇస్తే దాన్ని తప్పు అనే ధైర్యం నాకు లేదు. నిజానికి అత్యవసరం కాని హెర్నియా అయితే షుగర్ అదుపులోకి వచ్చాకే చేద్దాం అంటాను, అది ఇంజెక్షన్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇక పేగు ఇరుక్కుని నల్లబడిన కేసులు ఈ చర్చలోకే రావు. అక్కడ ఇచ్చేది ముందుజాగ్రత్త కాదు, వైద్యం.

ఒక్క డోసుతో ప్రపంచం మునిగిపోదన్నదీ ఒప్పుకుంటాను. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రిక‌లో వచ్చిన అంచనా. ఆ భారం ఒక్క సెఫజోలిన్ మీద వేయడం అన్యాయం. కానీ మనం ఇస్తున్నది సెఫజోలిన్ కాదు. చర్మం మీది స్టెఫిలోకాకస్ క్రిమికి సరిపోయే మందు వదిలేసి, పేగులోని క్రిములన్నిటికీ పాఠం నేర్పే సెఫ్ట్రియాక్సోన్ వాడుతున్నాం, అదీ రోజుల తరబడి. ఇవ్వాలనుకున్న రోజున కూడా మందు పేరు మార్చుకోవాలి. ఫార్మసిస్ట్ గారూ, మేం రాయడం మొదలుపెడితే మీరు తెప్పిస్తారా?

హుజూర్‌నగర్ ఫార్మసిస్ట్:

నెలకు పది వయల్స్ పోతాయని ఒక్క ఆసుపత్రి చెప్పినా తెప్పిస్తాను సర్.

మిర్యాలగూడ నుంచి ఒక కొడుకు:

ఈ రోజు పొద్దున సర్జన్ దగ్గరికే తీసుకుపోయినం. స్కానింగ్ చేసి నీరే అన్నారు, హెర్నియా రాలేదు, జాలీ బాగుంది అన్నారు. మందులేమీ రాయలేదు. బిగుతు లంగోటీ కట్టుకోమన్నారు, నెలకు మళ్లీ చూపించమన్నారు. మందు రాయకుండా పంపిస్తే మా నాయనకు మొదట నమ్మకం కుదరలేదు, ఫీజు తీసుకుని ఏం ఇయ్యలేదేంది అన్నాడు. మీరు రాసింది చదివి వినిపించిన. డాక్టర్ గార్లూ, ఆపరేషన్ రోజే ఈ ఉబ్బు సంగతి ఒక ముక్క చెప్పి ఉంటే మేం ఆర్‌ఎంపీ దగ్గరికే పోకపోదుము.

పాలమూరు సీనియర్:

బాబూ, నువ్వు అన్నది న్యాయం. రేపటి నుంచి డిశ్చార్జ్ కాగితం వెనక ఆ ఉబ్బు గురించి తెలుగులో నాలుగు వరుసలు రాయిస్తాను.

మిగతావాళ్లకు నా నిర్ణయం ఇది. సోమవారం నుంచి మా థియేటర్‌లో ల్యాప్రోస్కోపీ హెర్నియాకు ఆపరేషన్ తర్వాత ఇంజెక్షన్లు లేవు, గోలీలు లేవు. ముందు డోసు ప్రస్తుతానికి ఉంచుతాను, కానీ సెఫజోలిన్, థియేటర్‌లో, మత్తు డాక్టర్ చేతి మీదుగా. మా దగ్గర ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వస్తుందో లెక్క తేలేదాకా దాన్ని తీయను. రేటు తక్కువని తేలితే తీసేస్తాను, అప్పుడు మీరు అడగక్కర్లేదు.

కానీ ఆ లెక్క ఎలా కడతాం? మెష్ వేసిన హెర్నియాలో లోతు ఇన్‌ఫెక్షన్‌కు 90 రోజులు చూడాలంటారు. మావాళ్లు అప్పటికి భీవండిలో ఉంటారు, ఫోన్ నంబరు కూడా మారిపోతుంది.

నాగర్‌కర్నూల్ ఓటీ సిస్టర్:

సర్, రోగి నంబరు ఒక్కటే రాసుకుంటే ఎప్పటికీ దొరకరు. అడ్మిషన్ రోజే ఊళ్లో ఉండే ఇంకో మనిషి నంబరు తీసుకోండి. భార్యది కాకపోతే అన్నది, అదీ లేకపోతే ఆశా కార్యకర్తది. ఆమెకు ఎవరు ఏ నెలలో ఊరికొస్తారో తెలుస్తుంది. నేను 30 రోజులకు ఒకసారి, 90 రోజులకు ఒకసారి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడుగుతాను: కోత దగ్గర తడి ఉందా, జ్వరం వచ్చిందా, ఆ ఆపరేషన్ కోసం ఇంకెవరికైనా చూపించుకున్నారా. మూడో ప్రశ్న వదలొద్దు. మన దగ్గరికి తిరిగి రానివాళ్ల సంగతి దానితోనే తెలుస్తుంది. ఫోన్‌లోనే కోత ఫొటో వాట్సాప్ చేయమంటే కొడుకులో కూతుళ్లో పంపుతారు.

రిజిస్టర్ నమూనా ఈ రాత్రికి గీసి పెడతాను. పేరు పక్కన షుగర్, బీడీ, ఓపెనా కెమెరానా, మందు ఇచ్చిన టైమ్, కోత పడిన టైమ్, పరికరాలు ఆటోక్లేవా ద్రావణమా అన్న గడులు ఉంటాయి. ఇంకేమైనా కలపాలంటే ఇప్పుడే చెప్పండి.

సూర్యాపేట మత్తు డాక్టర్:

ఓపెన్‌కు మారిందా, లేదా అన్న గడి కూడా పెట్టండి సిస్టర్. రెండు టైమ్‌లు నేనే రాస్తాను, వార్డు వాళ్లతో రాయించొద్దు.